నీలం కాని లింకు

కారమడై బస్సులో పక్కావిడ, తన అల్లుడి మెసేజీలో నీలంగా ఉన్న లింకు మీద వేలు పెట్టగానే మనవరాలి ఫోటో విచ్చుకుంది. కొత్తగా పుట్టిన మనవణ్ణి చూడమని మా అల్లుడూ లింకు పంపాడు. నేనెంత పొడిచినా అది నల్లగానే పడుంది. నా కడుపుమంటకు బస్సు ఇంజనే చల్లగా అనిపించింది.

"నంబరుకి పేరు పెట్టలేదా అణ్ణా? పేరు లేనోళ్ళు పంపితే ఫోను నమ్మదు," అందావిడ.

నా కూతుర్ని ఎత్తుకుపోయినవాడికి నా ఫోనులో చోటెందుకని పెళ్ళినాటినుంచీ పెట్టలేదు.

"ఎవరణ్ణా వారు?"

"మాప్పిళ్ళ," అన్నాను అరవంలో, పన్ను పీకించుకుంటున్నట్టు.

"అదే కొట్టండి."

అల్లుడని కొట్టాను. లింకు నీలమైంది. మనవడు బంగారం. ముక్కు మాత్రం అచ్చం వాడిదే.