మిలటరీ వంటోడు

మా ఊళ్లో మిలటరీకి మనిషిని పంపని ఇల్లు తక్కువ. కోటబొమ్మాళి స్టేషన్లో ట్రంకు పెట్టెలతో దిగేవాళ్లను చూస్తూ పెరిగాం. మా ఆయనా వెళ్లాడు. వంటవాడిగా తీసుకున్నారు.

యుద్ధమప్పుడు కొండ కింద వండి, వేడన్నం డబ్బాలు వీపుకు కట్టుకుని పైనున్నవాళ్లకు మోసేవాడు. అలా ఎక్కుతుంటే దగ్గర్లో షెల్ పడి, పిక్కలో ఇనప ముక్క దిగింది. పూర్తిగా తియ్యలేకపోయారు. చలికాలం ఆ కాలు పట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఊరికి మాత్రం ఆయన మిలటరీ వంటోడే.

రిటైరై వచ్చాక ఒక ఏడు, ఆగస్టు పదిహేనుకి బడిలో మాజీ సైనికులకు శాలువాలు కప్పుతామని చెప్పారు. మా ఆయన్నీ పిలిచారు. ఆ వారం ఆయన వేరే మనిషి. పతకాల కోటు ఎండలో వేశాడు. బూట్లు నన్ను ముట్టుకోనివ్వకుండా తనే తుడుచుకున్నాడు.

తీరా ఆ పొద్దున, ఆయన కోటు తొడుక్కున్నాక, సర్పంచి తమ్ముడు వచ్చాడు.

"బావా, వంటోడు ఎగ్గొట్టీసినాడు. పిల్లలకి ఉప్మా నువ్వే దించీయాల."

"మరి శాలువా?" అన్నాను.

"దానికేటక్కా! మా బావ యుద్ధంలో పేల్చింది ఆవాలే కదేటి!"

అతను నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కడుపు మండిపోయింది.

"ఎల్లకు మావా. నీ కుర్సీలో నువ్వు కూకో. ఒక్క పూట ఉప్మా లేకపోతే ఎవులూ సావరు."

"పిల్లలు ఏటీ తినకుండా వస్తారే," అని కోటు విప్పి లుంగీ కట్టుకున్నాడు.

నేనూ వెళ్లాను. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నాను. వేదిక మీద కట్టిన గుడ్డ మీది రాతను కూడబలుక్కుని చదివాను: మన వీర జవాన్లు. వేదిక మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన యుద్ధమంతా ఎక్కడో సామాన్ల గోడౌన్లో కాపలా ఉన్నాడట, తనే చెప్పుకునేవాడు. ఆయనకీ కప్పారు. మా ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని సర్పంచి తమ్ముడు కూర్చున్నాడు. శాలువా మిగిలిపోయిందని అతనికే కప్పేశారు. జనం చప్పట్లు కొట్టారు. బడి వెనక మా ఆయన పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉప్మా కలుపుతున్నాడు.

ఆ శాలువాతోనే అతను వంట దగ్గరికొచ్చాడు.

"అడుగంటింది కొంచెం గోకి పెట్టు బావా, నాకదే ఇష్టం."

గోకి పెట్టాడు.

ఇంటికొచ్చి అడిగాను, "నీకు సిగ్గనిపించలేదా?" అని.

"మరి వంట ఎవులు సేస్తారే?" అన్నాడు.

మరుసటి ఏడాది బడివాళ్లు వారం ముందే వచ్చి, గుండిగలు తోమించి ఉంచామని చెప్పి వెళ్లారు. పోయేదాకా ఏటా వెళ్లాడు. పోయిన రోజున సర్పంచి తమ్ముడు మా అరుగు మీద నిలబడి, "బంగారంలాంటి మనిసి, ఏ పని సెప్పినా కాదనలేదు" అన్నాడు.

అవును, కాదనలేదు. ఆయన మీద నా కోపమూ అదే. ఇంకా చల్లారలేదు.