చోటు తప్ప అన్నీ నిజమే

2022 జనవరి. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో, ఓడలు ఆగే డాకు గోడకు రెండు వీధుల ఇవతల నా టైపింగ్ షాపు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, మూలన గుడ్డ కప్పిన పాత టైప్‌రైటరు, వచ్చినవాళ్ళకు రెండు కుర్చీలు. పేరుకు టైపింగే గాని నా అసలు పని అర్జీలు రాయడం. కుళాయి రావడం లేదని, పింఛను ఆగిందని, పక్కింటివాడు గోడ జరిపాడని జనం వస్తారు. వాళ్ళ కోపం విని, అందులోంచి తిట్లు తీసేసి, తేదీలు వేసి, ఆఫీసువాళ్ళు పక్కన పడేయలేని కాగితంగా మార్చడం ఇరవై ఆరేళ్ళుగా నా వృత్తి.

ఈ పనికి నాకొక అర్హత ఉంది. నేను ఏదీ మరచిపోను. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నాకు రావలసిన మొదటి బహుమతిని ‘మద్రాసీ అమ్మాయి’ అని ఇంకొకరికి ఇచ్చారు. ఇచ్చిన మనిషి చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. నేను మొదట పనిచేసిన వకీలు రెండేళ్ళపాటు నాకు కుర్చీ వేయలేదు. మా సందులో వీధిదీపం కోసం పద్నాలుగు అర్జీలు పెట్టాను. పదిహేనోది తీసుకువెళ్ళే రోజున దీపం వెలిగింది. అయినా పెట్టాను, ఆలస్యం ఎందుకైందో చెప్పమని.

ఆ జనవరిలో ఒక ఉదయం తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన, నలభై ఏళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. ఆయన రిటైరైన పళ్ళ డాక్టరు తపన్ బాబు. ఆవిడ మౌసుమి, సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఉద్యోగం.

“అర్జీలు రాసే రావ్ బాబు ఉన్నారట, పిలుస్తారా?” అన్నాడాయన బెంగాలీలో.

“రావ్ బాబు లేరు. రావ్‌ని నేనే.”

ఆయన ఒకసారి నా వెనకనున్న తలుపు వైపు చూశాడు, అక్కడినుంచి ఇంకెవరైనా వస్తారేమోనన్నట్టు. “ఇది వంటింటి విషయం కాదు దిది, సముద్రం విషయం.”

ఆ మాట రాసి పెట్టుకోవలసిన పని లేకపోయింది.

విషయం ఇది. వాళ్ళది గాలం వేసేవాళ్ళ క్లబ్బు. అమ్ముకోవడానికి కాదు, సరదాకి. సెలవు దొరికితే నది సముద్రంలో కలిసే వైపు పడవ మాట్లాడుకుని వెళ్ళి పండుగప్ప కోసం కూర్చుంటారు. బెంగాలీలు దాన్ని భెట్కి అంటారు. పట్టిన చేపను కొలిచి, పుస్తకంలో రాసి, తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. అక్కడ మడ అడవిలోకి వెళ్ళే ఉప్పుటేరు ఒకటుంది. ఈ మధ్య దాని మొగలో గుంజలు పాతి సంచి వలలు కడుతున్నారు. వల కన్ను దోమతెర కన్నంత. వేలెడంత పిల్ల కూడా దాటి పోదు. ఆ మొగను చట్టప్రకారం రక్షించాలని వాళ్ళ అర్జీ. రెండేళ్ళుగా తిరిగితే ఇప్పటికి ఒక అధికారి సాక్ష్యం తెమ్మన్నాడట, నెలరోజుల్లో హియరింగ్.

సాక్ష్యంగా పదకొండేళ్ళ నోటు పుస్తకాలు తెచ్చారు. అర్జీకి జతచేసే ఇలాంటి కాగితాలను మేం అనెక్సర్ అంటాం. తేదీ, గంట, నీటి పోటు, ఎర, చేప పొడవు, చోటు. అన్నీ గీతలు గీసి రాసినవి. ఏటికేడు చేప పొడవు తగ్గుతూ రావడం టైప్ చేస్తుంటేనే కనబడింది. వీటన్నిటి మీద ఒక అఫిడవిట్ కావాలి, అంటే ఇందులో రాసినదంతా నిజమని ప్రమాణం చేసి పెట్టే సంతకం.

సాయంత్రం నేను టైప్ చేస్తుంటే మా అయ్య వచ్చి కూర్చున్నాడు. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు డాకు లాక్ గేటు దగ్గర పనిచేశాడు. నదికి పోటు నిండినప్పుడే ఆ గేటు తెరిచి ఓడను లోపలికి తీసుకుంటారు. అందుకని ఆయన మా అందరి పుట్టినరోజులు మరిచిపోయాడు గాని పోటు గంటలు మరిచిపోలేదు. ఏ రోజు ఏ రేవులో నీరు ఏ గంటకు నిండుతుందో ముందే లెక్కకట్టి వేసే టైడ్ టేబుల్ పుస్తకాన్ని ఇప్పటికీ ఏటేటా తెప్పించుకుని ట్రంకుపెట్టెలో దాచుకుంటాడు.

కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ చూశాడు.

“ఎవులమ్మీ ఈ మనుసులు? ఆరింటికే డైమండ్ హార్బరు నిండిపోనాదంతారేటి?”

“రాసింది అదే అయ్యా.”

“రాసినోడిది కాదు, నీటిది సెప్తన్నాను. ఆ రోజు అక్కడ ఎనిమిదైతేగాని నిండదు. పొత్తరం తేనా?”

తెచ్చాడు. నేను తేదీ చదవడం, ఆయన వేలితో వెతకడం. సముద్రానికి ఎగువన నది ఒడ్డునున్న డైమండ్ హార్బర్ అని రాసిన చోటల్లా నీళ్ళు రెండు గంటలు ముందే నిండాయి. ఇంకా ఎగువనున్న ఫల్తా అని రాసిన చోట అంతకంటే ముందే. ఏ మనిషి ఏ ఊరు రాసినా గంటలు మాత్రం ఒకే నీటిని చెబుతున్నాయి.

“ఈళ్ళు ఆ ఊళ్ళలో లేరమ్మీ,” అన్నాడు అయ్య పుస్తకం మూస్తూ. “ఈళ్ళందరూ సముద్రం మొగలోనే ఉన్నారు, పోటు ముందు నిండేది అక్కడే. నీరు అబద్దమాడదు గదేటి.”

మర్నాడు తపన్ బాబును పిలిచి అడిగాను. ఆయన ముఖం దొరికిన దొంగ ముఖంలా కాకుండా, మర్యాద తెలియని మనిషి ఎదురైనట్టు మారింది.

“గాలం వేసేవాడు చోటు నిజం రాయడు దిది. పొడవు అబద్ధం రాస్తే క్లబ్బులోంచి తీసేస్తాం. చోటు నిజం రాస్తే వెర్రివాడంటాం. అది మా ఆచారం.”

“మీ ఆచారం అఫిడవిట్‌కు తెలియదు. అధికారి టైడ్ టేబుల్ తెరిచాడంటే మీ పదకొండేళ్ళూ చెత్తబుట్టలోకి పోతాయి. మీరు కాపాడమంటున్నది ఒక ఉప్పుటేరు, మీ చేపలన్నీ పట్టింది డైమండ్ హార్బర్‌లో. ఇదేం సాక్ష్యం?”

“మీ పని టైప్ చేయడమా, చదవడమా?”

“చదవకుండా టైప్ చేసేది మెషీన్. అబద్ధపు అనెక్సర్ నా చేతిమీదుగా వెళ్ళదు.”

ఆయన పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు రెండో మాట జమ అయింది.

వారం తర్వాత ఆదివారం ఉదయం మౌసుమి ఫోన్ చేసి, క్లబ్బు మొత్తం మీ షాపుకు రావచ్చా అని అడిగింది. పద్దెనిమిది మంది వచ్చారు. నా రెండు కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. మా అయ్య దగ్గరున్న పాత నది చార్టును బల్లమీద పరిచాం. ఒక్కొక్కరూ వచ్చి తన నిజమైన చోటు దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. మొదట ఎవరూ కదలలేదు. ఒకాయన, “పక్కవాళ్ళు అటు తిరగాలి,” అన్నాడు. నిజంగానే అందరూ గోడవైపు తిరిగారు. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న చోటట కొందరిది. భార్యకు కూడా చెప్పలేదట.

తపన్ బాబు అందరికంటే చివర వచ్చాడు. పెన్సిల్ తీసుకున్నాడు. చుక్క పెట్టబోయి ఆగిపోయాడు. అక్కడ అప్పటికే చుక్కలున్నాయి.

అందరూ బల్ల చుట్టూ మూగారు. పద్దెనిమిది చుక్కలూ ఆ ఒక్క ఉప్పుటేరు మొగ చుట్టూ, గుప్పెడు మినుములు ఒలికినట్టు పడి ఉన్నాయి.

“దాదా! రెండుసార్లు నువ్వు అక్కడ కనబడితే ఇంజన్ చెడిపోయి కొట్టుకొచ్చానన్నావు!” అంది మౌసుమి.

“నువ్వు మాత్రం? పక్షుల ఫోటోలకు వచ్చానన్నావు!”

షాపు పగిలేట్టు నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. పద్దెనిమిది మంది ఒకరికొకరు తెలియకుండా, ఏళ్ళ తరబడి వెతికి, చేప ఉన్నదిక్కడేనని ఒకే చోటుకు చేరారు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? ఆ చార్టు వైపు చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. అర్జీల మనిషిని, అంత తేలిగ్గా దేనికీ లొంగను.

“చోటు చూడకుండా రాయను,” అన్నాను. ఆ తర్వాతి ఆదివారం తీసుకువెళ్ళారు. అయ్య కూడా వస్తానన్నాడు.

తెల్లారేసరికి పడవలో ఉన్నాం. మొగ దగ్గర ఒక సంచి వల ఎత్తుతున్నారు. రొయ్య పిల్లలు ఒక గిన్నెడు ఏరుకుని, మిగిలినదంతా బురదమీద గుమ్మరించారు. కుప్పనిండా వేలెడు చేపపిల్లలు, ఇంకా కదులుతున్నాయి. మా పడవ నడిపే నిమాయ్ అటు చూడకుండానే అన్నాడు: “ఆ వల మా అన్నది దిది. ఇంట్లో ఎనిమిది మంది. తీసెయ్యమనడం మీకు సులువు.”

వల దాటి లోపలికి వెళ్ళాం. రెండు పక్కలా మడచెట్ల వేళ్ళు, మధ్యన గోధుమరంగు నీళ్ళు. పోటు మొదలయింది. తపన్ బాబు ఇంజన్ ఆపించి, వేలు పెదవి మీద పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నీటిమీద చినుకులు పడ్డట్టయింది. పైకి చూశాను, ఒక్క మబ్బు లేదు. అవి చేపపిల్లలు. కింది నుంచి పైకి కురుస్తున్నాయి. పోటుతోపాటు వేలకు వేలు లోపలికి వస్తూ, ఒక్కసారిగా అన్నీ తిరిగితే ఏరు ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా వెండిలా మెరిసింది. మళ్ళీ తిరిగితే మామూలు బురదనీళ్ళు. మళ్ళీ వెండి.

మా అయ్య పడవ అంచు పట్టుకుని వంగి, నీళ్ళలో చేయి పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పోటు కోసం గేటు దగ్గర కాచుకున్నాడు గాని, అది బయలుదేరే చోటు ఎన్నడూ చూడలేదు. “ఇక్కణ్నించా తల్లీ వస్తన్నావు,” అన్నాడు. నాతో కాదు.

తపన్ బాబు గాలానికి ఒక పండుగప్ప పడింది. ఆయన ముందు తన రెండు చేతులూ తడుపుకున్నాడు, పొడి చేయి తగిలితే దాని ఒంటిమీది జిగురు పోతుందట. కొలిచాడు, మౌసుమి రాసింది. చేపను నీళ్ళలోకి దించి, తోక కదిలేదాకా వదలకుండా పట్టుకున్నాడు. అది వెళ్ళాక కూడా చేయి నీళ్ళలోనే ఉంచాడు.

అప్పుడు నేను ప్రేయర్ తీశాను. అర్జీ చివర ‘మాకు ఇది కావాలి’ అని రాసే పేరాను ప్రేయర్ అంటాం. అర్జీకి ప్రాణం అక్కడే.

“చేపపిల్లలు పెరిగే నాలుగు నెలలు వలలు నిషేధించాలని రాయించారు. గాలాల సంగతి?”

మౌసుమి ఆయన వైపు చూసింది. ఆయన ఏరు వైపు చూశాడు. వల ఉన్న మొగ వైపు చూశాడు.

“రాయండి దిది. వలలు, గాలాలు, ఏవీ వద్దు. ముందు గాలాలని రాయండి.”

“వల తీసిన ఇళ్ళకు ఆ నాలుగు నెలలు సర్కారు భత్యం ఇవ్వాలని కూడా రాస్తాను. నేను డాకు కూలీ కూతుర్ని. ఆ ముక్క లేకపోతే టైప్ చేయను.”

“మీరు చేయరని నాకు తెలుసు,” అన్నాడు తపన్ బాబు. నిమాయ్ చుక్కాని దగ్గర నుంచి మొదటిసారి మా వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫెయిర్ కాపీలో చోట్లన్నీ సరిదిద్ది, ఇన్నాళ్ళూ ఎందుకు తప్పు రాశారో కూడా దాచకుండా ఒక పేరా పెట్టి, పక్కన టైడ్ టేబుల్ గంటలు వేశాం. హియరింగ్‌లో అధికారి మొదటి పేజీ చూసి నవ్వాడు.

“గాలాలవాళ్ళు వలలమీద ఫిర్యాదు. చేపలన్నీ మీకే మిగలాలి, అంతేగా?”

“ప్రేయర్ చదవండి సార్,” అన్నాను.

చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. నవ్వు పోయింది.

“గాలాలు కూడా వద్దంటే మరి మీరు ఆ నాలుగు నెలలూ చేసేదేమిటి?”

“చూడటం,” అన్నాడు తపన్ బాబు.

తర్వాత అధికారి గంటల గురించి అడిగితే మా అయ్య లేచి, తనకొచ్చిన ఖిదిర్‌పూర్ డాకు బెంగాలీలో నీరు ఎక్కడినుంచి ఎక్కడికి ఎంతసేపట్లో వస్తుందో చెప్పాడు. అధికారి ఆయన్ను కూర్చోమని చెప్పి మరీ విన్నాడు. ఇదీ గుర్తుంచుకున్నాను. నేను గుర్తుంచుకునేవి అవమానాలు మాత్రమే కాదు.

అధికారులు వెళ్ళి చోటు చూసి వచ్చారు. నాలుగు నెలల నిషేధానికి ముసాయిదా తయారైంది. పై ఆఫీసులో ఉంది. నేను రెండు నెలలకొకసారి గుర్తుచేస్తూ ఉత్తరం పంపుతున్నాను, ఇప్పటికి పదకొండయ్యాయి. ఆ ఉప్పుటేరు పేరు ఇక్కడ రాయలేదని గమనించే ఉంటారు. అఫిడవిట్‌లో నిజం రాశాం. పత్రికలో మాత్రం, ఏం చేయను, వాళ్ళ ఆచారం నాకూ అంటింది.

చట్టం ఇంకా రాలేదు. కానీ ఏటా ఆ నాలుగు నెలలు మొదలయ్యే రోజున తపన్ బాబు తన గాలపు కర్రలు గుడ్డలో చుట్టి తెచ్చి నా షాపులో తలుపు వెనక పెడతాడు. ఇంట్లో ఉంటే చేయి ఊరుకోదట. మొదటి ఏడు ఆయనవే ఉన్నాయి. నిరుడు పద్దెనిమిది మందివీ ఉన్నాయి, తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. రాని చట్టానికి ముందే లొంగిన మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇరవై ఆరేళ్ళలో నేను రాసిన ప్రతి అర్జీ, నావి కలుపుకుని, నాకు రావలసింది ఇప్పించండి అనేదే. అందులో తప్పు లేదు, ఇప్పటికీ రాస్తాను. కానీ నా చేతిని కూడా ఆపండి అని అడిగే అర్జీ బలమే వేరని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరి ప్రేయర్ రాసినా, “ఇందులో మీరు వదులుకునేది ఏమిటి?” అని ఒకసారి అడుగుతాను. చాలామంది లేచి వెళ్ళిపోతారు. కొందరు ఆగి ఆలోచిస్తారు.

గాలాలు లేని ఆ నెలల్లో తపన్ బాబు సాయంత్రాలు షాపుకు వచ్చి మా అయ్యతో పోటు గంటల గురించి వాదిస్తుంటాడు. వంటింటి విషయం కాదన్న మాట నేను మరచిపోలేదు, ఆయనకూ ఆ సంగతి తెలుసు. కుర్చీ మాత్రం నేనే తుడిచి వేస్తాను.