మా ఆయన మీద నేను పెట్టిన ఫైలు

మేమిద్దరం కౌన్సెలింగ్‌కు వెళ్ళామని నేను ఎవరి దగ్గరా దాచను. మా సెక్షన్‌లో చెప్పాను, మా ఆడపడుచుకు చెప్పాను, వారాసిగూడలో ఉండే మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అక్క, సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు, నువ్వు ఉల్టా చేస్తున్నావని కోప్పడింది. సంసారానికే రోగమొస్తే గుట్టుగా ఉంచాలా, రట్టు చేయాలా అని అడిగాను. దానికి పెద్దలేమన్నారో అక్కకు తెలియదు. నాకూ తెలియదు కాబట్టి నాకు తోచినట్టు చేశాను. చేసినందుకు నాకు గర్వంగా ఉంది. ముందే చెప్పేస్తున్నాను, నాకు అణకువ తక్కువ.

నేను తార్నాకలో యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంట్‌ను. టైపిస్టుగా చేరి ఇక్కడిదాకా వచ్చాను. నేను రాసిన డ్రాఫ్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైనుంచి తిరిగి రాలేదు. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో, ఏ మీటింగులో ఎవరు ఏమన్నారో నాకు గుర్తుంటుంది. ఏదైనా తేలకపోతే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా మేడంను అడగండి అంటారు. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో టెక్నీషియన్. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తారు, సాయంత్రం వస్తారు. నోట్లోంచి మాట ఊడిపడితే ఆ రోజు పండగే. మాకు ఒక్కతే కూతురు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మా ఇద్దరికీ మాట పట్టింపు వస్తే కూతురి ద్వారా మాట్లాడుకునేవాళ్ళం. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, మీ నాన్నను అన్నానికి రమ్మను అని నేను, ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు అని ఆయన. మా అమ్మానాన్నలూ ఇలాగే ఉండేవాళ్ళు, మా చుట్టాల్లో చాలా ఇళ్ళలో ఇదే తీరు. అందుకే ఇది తప్పని నాకెన్నడూ అనిపించలేదు. మా పిల్ల చిన్నప్పుడు ఇటు నుంచి అటు పరుగెత్తుకుంటూ చెప్పేది. పెద్దయ్యాక ఫోన్‌లోంచి తలెత్తకుండా చెప్పేది. మొదట్లో రెండు రోజులో, వారమో ఉండే మౌనం చివరికి ఏడాది దాటింది. అది దేనితో మొదలైందో తారీఖుతో సహా చెప్పగలను. చెప్పను.

పిల్లకు మా యూనివర్సిటీలోనే పీజీ సీటు వచ్చింది. మా ఇంటి నుంచి క్లాసుకు నడిచి వెళ్ళొచ్చు. అయినా హాస్టల్ అంటూ మొదలుపెట్టింది. లోకల్ వాళ్ళకు క్యాంపస్ హాస్టల్ ఇవ్వరు, ఆ రూలు నాకు కంఠతా, కాబట్టి నేను నిమ్మళంగా ఉన్నాను. అది మాణికేశ్వర్ నగర్‌లో ఇంకో అమ్మాయితో కలిసి రూమ్ తీసుకుంది. విని నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. అది అరవలేదు.

"ఆరో తరగతి సంది మీ ఇద్దరి మధ్యల తిరుగుతున్న అమ్మా. నాతోటి అయితలేదు. మీరిద్దరు మాట్లాడుకున్ననాడు ఇంటికొస్తా" అంది.

బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది ఇల్లంటే ఏమిటో. వంట చేసి గిన్నెలు టేబుల్ మీద పెడితే ఆయన ఒక్కరే తినేవారు, ఆ తర్వాత నేను ఒక్కదాన్నే తినేదాన్ని. గ్యాస్ అయిపోయిన రోజు ఆయనకు చెప్పడానికి మనిషి లేక, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. బిడ్డ ఇక రాదేమోనని భయం పట్టుకుంది.

వారం తర్వాత పిల్ల ఫోన్ చేసి, తన క్లాసులో ఒకమ్మాయి వెళ్ళిన కౌన్సెలర్ ఉన్నారని, ఇద్దరూ కలిసి వెళ్ళాలని చెప్పింది. మేమేమన్నా పిచ్చోళ్ళమా అని నేను మొదలుపెట్టేలోపే, నాన్న సరే అన్నాడు అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయనే ముందు ఒప్పుకున్నాక నేను వెనక్కి ఎలా తగ్గుతాను? క్యాంపస్‌లో కూడా కౌన్సెలింగ్ సెంటర్ ఉంది కానీ అక్కడ అందరూ నాకు తెలిసినవాళ్ళే. ఈ కౌన్సెలర్‌ది తార్నాక గల్లీలో, పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మేడ మీద చిన్న గది. అదే నయమనుకున్నాను.

వెళ్ళే ముందు మూడు రోజులు కూర్చుని నేను ఫైలు తయారుచేశాను. నవ్వకండి, నాకు తెలిసిన విద్య అదే. విషయం: నా భర్త నాతో మాట్లాడకపోవుట గురించి. కింద ఒకటి నుంచి పద్నాలుగు దాకా పేరాలు. ఏ పెళ్ళికి రాలేదో, ఏ రోజు అన్నం వదిలి లేచిపోయారో, అన్నీ వరుసగా. వాట్సాప్ మెసేజీల ప్రింట్లు వెనక జతపరిచి, ట్యాగ్ కట్టి, రంగు చీటీలు కూడా అంటించాను. ఆమె చదివి, ఇద్దరినీ విచారించి, తప్పు ఆయనదేనని తేలుస్తుందని నా నమ్మకం. ఆయన డ్యూటీ నుంచి నేరుగా ఖాళీ టిఫిన్ డబ్బాతో వచ్చారు. ఫైలు చూసి తల దించుకున్నారు.

కౌన్సెలర్ నాకంటే చిన్నది. మాటలో అనంతపురం వైపు యాస. ఫైలు మొదటి పేజీ నుంచి చివరి దాకా ఓపిగ్గా చదివింది. నేను ఆయన వైపు చూసి, ఇప్పుడు చెప్పు అన్నట్టు కూర్చున్నాను.

"బాగా రాసినారు మేడం. సారు ఏం చేసినారో అంతా ఉంది. మీకేమైందో మాత్రం ఒక్క లైను లేదు" అని ఫైలు నా చేతికిచ్చింది.

జీవితంలో మొదటిసారి నా డ్రాఫ్టు వాపసు వచ్చింది. మెట్లు దిగుతూ, ఈమెకు చదువు రాదని గట్టిగానే అన్నాను. రెండోవారం ఎందుకు వెళ్ళానంటే, ఆయన వెళ్తున్నారు కాబట్టి.

ఇక్కడ తీర్పులుండవని, తప్పెవరిదో తేల్చడం తన పని కాదని ఆమె చెప్పింది. ఇంట్లో రోజూ పది నిమిషాలు కూర్చోమంది. ఒకరు తమకేమనిపించిందో చెప్పాలి, రెండోవాళ్ళు విని, విన్నదాన్ని మళ్ళీ చెప్పాలి. సరిగ్గా విన్నారని మొదటివాళ్ళు ఒప్పుకున్నాకే జవాబు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కానీ నా వల్ల కాలేదు. మా ఆయన రెండు ముక్కలు మాట్లాడగానే, అది మంగళవారం కాదు బుధవారం అని నేను అందుకునేదాన్ని. ఆయన మళ్ళీ నోరు మూసుకునేవారు. ఆయనేమో నేను చెప్పింది అక్షరం పోకుండా తిరిగి చెప్పేవారు. తర్వాతి వారం ఇది విని, మీకు ఇదెలా వచ్చిందని కౌన్సెలర్ అడిగితే, బేరింగ్ చప్పుడు విని ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పుడే నా నౌకరి మేడం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను రచ్చ ఒక్కటే గెలిచినట్టున్నాను.

చివరికి కౌన్సెలరే నా దారిలోకి వచ్చింది. మీటింగుల్లో మినిట్స్ రాసేటప్పుడు మధ్యలో మాట్లాడతారా అని అడిగింది. మాట్లాడితే రాసేదెవరు అన్నాను. అయితే సారు చెప్పేది రాసుకోండి అంది. ఆ సాయంత్రం బాల్కనీలో నేను నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన కింద రోడ్డు వైపు చూస్తూ చెప్పారు.

"నువ్వు మాట్లాడితే నా దగ్గర జవాబు ఉండది. నేనొకటంటే నువ్వు పదేండ్ల కింద నేనన్న మాట తీస్తవు. ఏ రోజన్ననో, ఎవరి ముందట అన్ననో గూడ చెప్తవు. నాకేమో యాది ఉండది. యాది లేదంటే ఓడిపోయినట్టే. ఎప్పటికి ఓడిపోవుడేందని మాట్లాడుడే బంద్ చేసిన. సప్పుడు చెయ్యకుంటే లొల్లి ఉండదనుకున్న. అదంత బిడ్డ నెత్తిన పడ్డదని ఎరుక లేకపాయె."

రాసింది తిరిగి చదవాలి. సగం దాకా చదివాను. ఓడిపోయినట్టే అన్నచోట ఆగి, ఆ లైను మళ్ళీ చదివాను. ఆఫీసులో అందరూ మెచ్చుకునే నా జ్ఞాపకశక్తితో ఇంట్లో ఒక మనిషి నోరు కట్టేశానని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. ఆయన ఏడాది పాటు నన్ను గోడలా చూసిన కోపం కూడా పోలేదు, రెండూ ఒకేసారి ఉన్నాయి. నా వంతు వచ్చినప్పుడు నోట్‌బుక్ మూసేసి, ఫైల్లో లేని ఆ ఒక్క లైను చెప్పాను.

"నువ్వు మాట్లాడకుంటే, నేను నీకు అక్కరలేనేమోనని భయమైతది."

ఆయన దాన్ని తిరిగి చెప్పలేకపోయారు. లేచి వెళ్ళి ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చారు.

మంత్రం వేసినట్టు అంతా మారిపోయిందని చెప్తే అబద్ధం. ఒక వారం మా ఆడపడుచు విషయంలో పెద్ద గొడవే అయింది. ఆయన మళ్ళీ మౌనంలోకి పోబోయి, గుమ్మం దగ్గర ఆగి, ఇప్పుడు నేను కోపం మీదున్న, రేపు పొద్దున మాట్లాడతా అని వెళ్ళారు. అది కూడా అక్కడ నేర్చుకున్నదే. అంతకుముందు ఆయన మౌనానికి గడువు ఉండేది కాదు, ఇప్పుడు రేపు పొద్దున అనే గడువు వచ్చింది. అన్నట్టే పొద్దున మాట్లాడారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నాకు చీరలు తెచ్చారు, ఒకసారి గాజులు తెచ్చారు. ఆ పొద్దుటి మాట కంటే ఏదీ నాకు గొప్పగా అనిపించలేదు. మా సెక్షన్‌లో మొదట నవ్వినవాళ్ళలోనే ఒకావిడ మొన్న లంచ్‌లో మెల్లగా ఆ కౌన్సెలర్ నంబర్ అడిగి తీసుకుంది.

కిందటి ఆదివారం పొద్దున ఇద్దరం క్యాంపస్‌లో నడవడానికి వెళ్ళాం. పిల్ల కూడా వస్తానంది, రూమ్‌మేట్‌ను వెంటబెట్టుకొచ్చింది. అందరం చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆ అమ్మాయి ముఖం వాడిపోయి ఉంది. కొన్నాళ్ళుగా సరిగా తినడం లేదట, క్లాసులకు పోవడం లేదట. నేను చెప్పిన గదా, వీళ్ళే పోయిన్రు అని మా పిల్ల మమ్మల్ని చూపించింది. దాని గొంతులో అంత గర్వం నేను ఎన్నడూ వినలేదు. ఆ అమ్మాయి నావైపు కాక మా ఆయన వైపు తిరిగి, అక్కడ భయమైతదా అంకుల్ అని అడిగింది.

కొత్తవాళ్ళ ముందు తలెత్తని మనిషి, ఐదు నిమిషాలు మాట్లాడారు. మొదటిరోజు భయమైతదని, ఎవరూ తప్పుపట్టరని, మనం చెప్పింది వాళ్ళు ఇంకొకరికి చెప్పరని, చెప్పుకుంటే చిన్నతనమేం కాదని. నాలుగుసార్లు పోయినం బిడ్డా, అంతే, అన్నారు. మేం వెళ్ళింది తొమ్మిదిసార్లు. అన్ని తారీఖులూ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. నేను పెదవి కదపలేదు. మా పిల్ల నన్నే చూస్తోంది, నేను ఎప్పుడు అందుకుంటానా అని. ఆయన చెప్పడం అయిపోయాక నావైపు తిరిగారు.

"ఏమన్న తప్పు చెప్పిన్నా?" అని నన్నే అడిగారు.

"లేదు. మంచిగ చెప్పినవు" అన్నాను.

మా పిల్ల వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకుని, సాయంత్రం ఇంటికొస్తున్న, ఏం వండుతున్నవమ్మా అని అడిగింది.