తెల్లపొడి, తడి ఊక

తొంభైల్లో అరకులో కోళ్లషెడ్డు పెట్టిన ఏడు, వానలు పట్టాక నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. పొయ్యి మీద అన్నం పెట్టి షెడ్డుకి పోయేదాన్ని, మళ్లీ అన్నం గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేదాన్ని. కోళ్లేమో నోళ్లు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. వాటి కింద పరిచిన ఊకలో, దాణా తొట్ల చుట్టూ, నీళ్ల గిన్నెల చుట్టూ పచ్చటి బూజు.

ఈ బ్యాచ్ కోళ్లు చచ్చిపోతే షెడ్డు మూసేసి, విజయనగరం పక్కనున్న వాళ్లన్నయ్య ఇంటికి పోదామని మా ఆయన ముందే చెప్పేశాడు. ఆ ఇంట్లో వంటింటి మూల తప్ప నాకేమీ లేదు. ఇక్కడ షెడ్డు నాది. పోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

పశువుల డాక్టరు వచ్చి, దాణాకి బూజు పట్టకుండా కలిపే తెల్లపొడి ఇచ్చాడు. కోడి తిన్న మందు రెట్టలో దిగి ఊకని కూడా బాగుచేస్తుందని నాకు నేనే అనేసుకున్నాను. పూటపూటా పుల్లతో ఊక కెలికి చూసేదాన్ని. కొన్నాళ్లకి తొట్ల కింద, దాణా ఒలికేచోట, బూజు నిజంగానే తగ్గింది. ఎగిరి గంతేసినంత పనిచేశాను. నీళ్ల గిన్నెల దగ్గర మాత్రం అలాగే ఉంది. అక్కడి ఊక పిడికిట్లో పడితే ముద్దయ్యేది. మందు దాణాని కాపాడుతుంది గానీ తడినేం చేస్తుంది?

ఆ తడి ఆరే దారే లేదు. మైదానం వాళ్లం కదా, కొండ చలంటే మాకు హడలు. మా ఆయన మంకీ టోపీ పెట్టుకుని, షెడ్డు చుట్టూ గోనె పరదాలు కిందిదాకా దించి కట్టేశాడు. గాలాడక, లోపలికి పోతే రెట్టల ఘాటుకి కళ్లు మండేవి.

"పరదాలు ఎత్తుదామండీ" అన్నాను.

"ఎత్తితే సలికి సచ్చిపోతాయే."

"సలి వాటికా, మీకా? వాటికి ఈకలొచ్చేసాయి."

నేను ఎత్తడం, ఆయన దించడం, ఇదే తంతు. ఒళ్లు మండి, తడి ఊకంతా గంపలకెత్తి బయట పారబోశాను.

"ఒక్క సోట కూకోలేవేటే?" అని విసుక్కున్నాడు.

"కూకుంటే కొండ దిగి కిందకి పోవాల" అన్నాను. ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే మంచులో షెడ్డుకి పోతే పరదాలు పైకి కట్టి ఉన్నాయి. ఎత్తింది నేను కాదు. ఆయన టోపీ చెవుల మీదకి లాక్కుని, వణుక్కుంటూ ఊక తిరగేస్తున్నాడు.

"ఏటలా సూత్తావు? బేగి పొడి ఊక తే. వచ్చే బ్యాచ్‌కి మాత్రం ఊక ముందే ఆరబెట్టాల" అన్నాడు.