రామప్ప చావని యుద్ధం

చెన్నప్ప తాత చెప్పే యుద్ధంలో ఎవరూ చావరు. గుండ్లు పేలతాయి, ట్యాంకులొస్తాయి, ఇసుక ఆకాశానికి ఎగురుతుంది. ఆఖరికి అందరూ బట్టలు దులుపుకుని లేచి టీ తాగుతారు.

అందరికన్నా ముందు లేచేవాడు రామప్ప. కళ్యాణదుర్గం దగ్గరి తమ ఊరి నుంచే తాతతో కలిసి పటాలంలో చేరి, డెబ్భై ఒకటి యుద్ధం నుంచి తిరిగి రానివాడు. ఊరంతటికీ తెలిసిన ఆ సంగతి తాత కథల్లోకి మాత్రం రాదు. ఒక కథలో, సంగటి కెలుకుతున్న రామప్ప పక్కన బాంబు పడింది. “అడుగంటతాదప్పా, రవ్వంత తాళు” అన్నాడు రామప్ప. బాంబు తాళింది. ఇంకో కథలో అతను ట్యాంకు నీడలో కునుకు తీస్తే, అది శత్రువులదట. ఆ గురకకు జడిసి వాళ్లే దిగి పారిపోయారట.

రామప్ప భార్య ఆంజినమ్మ ప్రతి ఆదివారం చేటలో శనక్కాయలు తెచ్చుకుని, ఒలుచుకుంటూ ఈ కథలు వినేది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి పోయేది.

అనంతపురంలో చదివే తాత మనవరాలు హేమకు, ఇంటి పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేసుకు రమ్మని కాలేజీలో చెప్పారు. తాళిన బాంబును లెక్చరరు నమ్మదనీ, రామప్ప ఎలా పోయాడో చెప్పమనీ తాతను పట్టుకుంది. తాత మొదట ఫోనులో రికార్డింగు ఆపించాడు.

“మందుపాతర మీద కాలు పెట్టినాడు. తూటాలు వస్తాండె, వాణ్ని ఇవతలికి తెచ్చుకునేకి కాలేదు. పొద్దు మునిగేదాకా నీళ్లు నీళ్లు అని అడిగినాడు. అందరి సీసాలూ ఎండిపోయి ఉండె. ఈ కరువులో పుట్టినోడు, ఆడ గూడా దప్పికతోనే పోయినాడు.”

ఆంజినమ్మకు చెప్పలేదా అని అడిగింది హేమ.

“ఊరికొచ్చిన దినమే అడిగింది, పోయేటప్పుడు ఆయప్ప నవ్వుతాండెనా అని. నవ్వుతాండె అంటి. ఆ పొద్దు నుంచీ నవ్విస్తానే ఉండా.”

హేమ కాలేజీలో బాంబు కథే ఇచ్చింది. మార్కులు రాలేదు.

ఆ ఎండాకాలమే పక్షవాతం వచ్చి తాత మాట పడిపోయింది. ఆదివారం ఆంజినమ్మ ఎప్పటిలాగే వచ్చి చేట ముందేసుకుని కూర్చుంది. తాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. హేమ చూడలేక, ఈ వారం తను చెబుతానంది. ఎడారిలో వాన కురిసిందని మొదలుపెట్టింది. రామప్ప ఇనప టోపీ తిరగేసి, కడుపు డోలయ్యేదాకా తాగాడనీ, మిగిలింది శత్రువులను వరసలో నిలబెట్టి పోశాడనీ చెప్పింది. తాత రెప్ప వేయకుండా విన్నాడు. ఆంజినమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాగనంపడానికి వాకిట్లోకొచ్చిన హేమతో ఆంజినమ్మ మెల్లగా అంది: “నీళ్లు దొరకలేదని నాకు తెలుసు పాపా. పటాలం నుంచి ఒకాయన అప్పుడే వచ్చి చెప్పిపోయినాడు.”

“మరి ఇన్నేండ్లూ యాల వింటివి అవ్వా?”

“నేను రాకపోతే మీ తాత ఒక్కడే కూచుని అదే తలుచుకుంటాడని.”

తర్వాత ఇంట్లోకి వినబడేటట్టు గొంతు పెంచింది. “చెన్నప్పన్నా, పాపకు ఇంకా చాతకాలేదు. నీళ్ల కాడ రామప్ప వరసలో నిలబెడతాడా? అందరినీ నూకి తానే ముందుంటాడు గానీ. వచ్చే వారానికి సరిగ్గా నేర్పించు.”

తాత మొహంలో ఒక పక్కే కదులుతుంది. ఆ పక్కతోనే నవ్వాడు.