చీటీ మీద చీటీ

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. భక్తితో కాదు, దుమ్ము పడితే పెట్టె పాడవుతుందని భయం. అయినా గడప బయట పాతిక జతల చెప్పులు కనిపిస్తుంటే లోపల కూర్చున్నవాడికి తానో పూజారినన్న భ్రమ కలగడంలో వింతేముంది? ఎనభైల చివర్లో, గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను అలాంటి పూజారిని. వయసు ఇరవై మూడు, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయడానికి, ఒకటి కనబడటానికి). అందరూ నన్ను కంప్యూటర్ బాబు అనేవాళ్లు. నా అసలు పేరు నేనే మర్చిపోయేంత ఇష్టంగా ఆ పిలుపుకు పలికేవాణ్ణి.

ఉన్నది ఒకటే పెట్టె. దానికి తగిలించిన మూడు తెరల ముందు నేను, గేటు చీటీలు రాసే అమ్మాయి, గుమస్తా తాతగారు ముగ్గురం కూర్చునేవాళ్లం. ఎవరి పని నడవాలన్నా ఆ పెట్టె మెమరీలోనే చోటు దొరకాలి. చోటు నిండితే ఒక్క అక్షరం పడటానికి బీడీ కాలేంత సేపు పట్టేది. మార్చి వచ్చేసరికి దర్శి నుంచి, వినుకొండ నుంచి మిర్చి టిక్కీలతో (మా వైపు మిర్చి బస్తాను టిక్కీ అంటాం) ట్రాక్టర్లు గేటు దగ్గర బారులు తీరాయి. గేటు చీటీ తెర నుంచి రావాలి. తెర కదలదు. ఎండలో నిలబడ్డ రైతులు మా పెట్టెను, దాన్ని కనిపెట్టినవాణ్ణి, వాడి ముందు తరాల్ని కూడా తలుచుకున్నారు. ప్రొప్రైటరు గారు చెప్పులు విడిచి లోపలికొచ్చి, "ఏమయ్యా, సోమవారంలోగా ఇదెందుకు ఆగుతుందో చెప్పు. చెప్పలేకపోతే దీనిమీద గోనెపట్టా కప్పి, నీకో దణ్ణం పెట్టి పంపిస్తా" అన్నారు.

మెమరీలో ఎవరి పని ఎంత చోటు తింటోందో లెక్కగట్టి, పెద్ద తిండిపోతును పైన, చిన్నవాణ్ణి కింద పెట్టి పేర్లతో సహా చూపించే ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. అయితే ఎలా రాయాలో తోచక టిక్కీలు సర్దే మేస్త్రి దగ్గరకెళ్లాను. వేల టిక్కీల్లో ఎవరి సరుకు ఎక్కడుందో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. "ఏం లేదు బాబూ. సరుకు కదిలిన ప్రతిసారీ కొత్త చీటీ కడతాం. పాత చీటీ మాత్రం చించం. చీటీ మీద చీటీ ఉంటే ఎవరి చరిత్రైనా తెలిసిపోద్ది" అన్నాడు. అంతే, నాకు జ్ఞానోదయమైంది. నా ప్రోగ్రాం నిమిషానికోసారి కొత్త జాబితా తయారుచేస్తుంది, పాతది ఒక్కటీ పారెయ్యదు, అన్నింటినీ మెమరీలోనే దాచుకుంటుంది.

శుక్రవారం మొదటి జాబితా వచ్చింది. గుమస్తా తాతగారు ఆ రోజు సెలవు; అందరికంటే పైన గేటు చీటీల అమ్మాయి పేరు. ఆవిడ చర్చి బడి టీచరమ్మగారమ్మాయి, రోజూ బాపట్ల వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ సీజన్లో అందరికంటే ఎక్కువ పని చేస్తున్నది ఆవిడే కాబట్టి పేరు పైన ఉండటం న్యాయమే. అంత ఆలోచన నాకెక్కడిది? పరుగున వెళ్లి ప్రొప్రైటరు గారి చెవిన వేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నా ప్రోగ్రాంను ఆపకుండా అలాగే నడవనిచ్చాను, పెట్టె నానాటికీ మరింత మొరాయించింది. అదీ ఆవిడ ఖాతాలోనే వేశాను.

సోమవారం పొద్దున్నే విచారణ. మేస్త్రి కూడా వచ్చాడు. "ఏమ్మా, నీ తెర వల్లే ఇదంతా అంటున్నాడు. రేపట్నుంచి చీటీలు చేత్తో రాయించుకుంటాం, నువ్వు రానక్కర్లేదు" అన్నారు ప్రొప్రైటరు గారు. ఆవిడ చేతిలోని గేటు చీటీల కట్ట బల్లమీద పెట్టింది.

"అలాగేనండి. ఆ జాబితా ఒకసారి నా ముందు చూపించమనండి."

విజయగర్వంతో మీట నొక్కాను. జాబితా నింపాదిగా ఒక్కో అక్షరం పడింది. ఆవిడ పేరు మూడోది. దానిపైన మూడో తెర ముందు కూర్చునే గుమస్తా తాతగారు. అందరికీ పైన, ఆ ఇద్దరూ కలిసినా అందనంత ఎత్తులో, నా పేరు. మూడు రోజుల నిమిషాలన్నీ చీటీ మీద చీటీగా మింగి కూర్చున్న నా ప్రోగ్రాం.

ప్రొప్రైటరు గారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. "ఇది నువ్వేగా?"

నేను మేస్త్రి వైపు చూశాను. ఆయన తలపాగా సవరించుకుంటూ, "సీజను అయిపోయాక ఆ చీటీలన్నీ పీకి పారేస్తాం బాబూ. ఆ సంగతి మీరు అడగలేదుగా" అన్నాడు.

పాత జాబితాలు పారేశాక మధ్యాహ్నానికే అసలు సంగతి దొరికింది. గుమస్తా తాతగారు తెరిచిన ఫైలు ఒక్కటీ మూసేవారు కాదు, మూస్తే మాయమైపోతుందేమోనని. ఆయనకు ధైర్యం చెప్పి మూయించాం. తెర కదిలింది, ట్రాక్టర్లు కదిలాయి, ఆవిడ ఉద్యోగం నిలబడింది. నాది కూడా, ప్రొప్రైటరు గారి నవ్వు పుణ్యాన. క్షమించమని ఆవిడనడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు నా కుర్చీకి టిక్కీలకు కట్టే చీటీ ఒకటి వేలాడుతోంది. 'పేరు: కంప్యూటర్ బాబు. టిక్కీలు: ఒకటి. ఆక్రమించిన చోటు: మొత్తం.' గుండ్రటి అక్షరాలు, ఎవరివో చెప్పక్కర్లేదు. తలెత్తి చూస్తే ఆవిడ చాలా శ్రద్ధగా పని చేసుకుంటోంది.

ఇప్పుడు ఏది ఎంత మెమరీ తింటోందో చేతిలోని ఫోనే చెబుతుంది. అది చూసినప్పుడల్లా, తిండిపోతును పట్టడానికి బయల్దేరిన ఆ రెండు పెన్నుల కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను, పక్కవాళ్ల పేరు చెప్పబోయి నోరు మూసుకుంటాను. ఆ చీటీ ఇంకా నా బీరువాలోనే ఉంది. ఎన్నిసార్లు సర్దినా తీసి పారేయబుద్ధి కాలేదు. నా సీజను ఇంకా అయిపోలేదేమో.