ఎనిమిది పున్నములు తక్కువ

డిసెంబరు పద్దెనిమిది, సోమవారం. మంచు దట్టంగా ఉంది, అవతలి గట్టు కనిపించలేదు. లాకు తలుపులకు అడ్డంపడిన గుర్రపుడెక్కను వెదురుగడతో లాగి గట్టున వేశాను. గేజి మీద నీటిమట్టం చూశాను. మాస్టారు రాలేదు.

ఆ రోజు నా పుస్తకంలో ఇంతే ఉంది. గడ కడిగి గోడకు ఆనిస్తుండగా పాలు పోసే ఆవిడ గట్టు మీంచి కేకేసింది. "లస్కరు గారండీ! మాస్టారు గారు తలుపు తియ్యట్లేదండి. కిటికీలోంచి పిలిచినా పలకట్లేదండి." ఇద్దరం పెరటి తలుపు గడియ తోసుకుని లోపలికి వెళ్ళాం. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి కూడా చెదరలేదు. డాక్టరు గారు వచ్చి, తెల్లవారుజామునే పోయి ఉంటారన్నారు.

నేను కాలవ లాకు దగ్గర లస్కరుని. తలుపులు ఎత్తడం, దించడం, రెండు పూటలా నీటిమట్టం రాయడం నా పని. బడిలో అయిదు దాకా చదివాను. తర్వాత చదువంతా చేతికి దొరికిన కాగితాల మీదే. మాస్టారు మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర నేను ఏనాడూ బెంచీ మీద కూర్చోలేదు. ఆయన ఇల్లు లాకుకు ఆనుకుని ఉండడమే మా పరిచయం. మా గ్రంథాలయం వారు ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని నన్నడిగారు. ఆయన శిష్యుల్లో ఇంజనీర్లున్నారు, నాకెందుకన్నాను. "రోజూ చూసింది మీరే కదండీ" అన్నారు. అది నిజమే.

పొద్దున ఆరింటికి చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేవారు. గేజి దగ్గర వంగి, "ఎంత?" అని నన్నడిగి, నేను చెప్పింది విని, అప్పుడు తను చూసేవారు. చలికాలంలో లాకు ఇనప కమ్మీల మీద మంచు నీరు పడుతుంది కదా, దాని మీద వేలితో ఏదో లెక్క వేసేవారు. చివరి అంకె వేసేలోగా మొదటి అంకె కారిపోయేది. ఇంట్లో కేలండరు మీద తారీకు ఎప్పుడూ రాత్రి పడుకునే ముందే కొట్టేసేవారు. నేను పొద్దున్నే కొట్టేస్తానని తెలిసి ఒకసారి నొచ్చుకున్నారు. "ఇంకా గడవని రోజుని అలా కొట్టెయ్యకండి లస్కరు గారూ. దాని బతుకు దాన్ని బతకనివ్వండి" అన్నారు.

రెండువేల సంవత్సరం గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొంభైతొమ్మిది వినాయక చవితికి ముందే మొదలైంది. వంతెన దగ్గర టీకొట్టు ఆయన పేపరు చదివి, "మాస్టారూ, ఇంకో నాలుగు నెలల్లో కొత్త వెయ్యేళ్ళంటండి" అన్నాడు.

"పదహారు నెలలు" అన్నారు మాస్టారు.

"అదేంటండీ బాబూ! నాలుగు అంకెలూ ఒక్కసారి మారతంటే! నా స్కూటరు మీటరు చూడండి, తొమ్మిదులన్నీ తిరిగి సున్నాలైతే కొత్త వెయ్యి మొదలైనట్టే కదా?"

"నీ స్కూటరు షోరూములో సున్నా దగ్గర మొదలైందయ్యా. ఈ సంవత్సరాలు ఒకటి దగ్గర మొదలయ్యాయి. ఒకటి నుంచి ఎంచితే రెండువేలు నిండేది రెండువేలో సంవత్సరం ఆఖర్న. కొత్తది రెండువేల ఒకటిలోనే." అందరూ చూస్తున్నారు. "సరే, నిన్ను ఇరవై ఇడ్లీలు పెట్టమన్నాననుకో. ఇరవయ్యోది ప్లేటులో పడగానే, తినకుండానే ఇరవై తిన్నానని లేచిపోనా?"

"మీరు తినేది రెండే కదండీ. మిగతా పద్దెనిమిదికి తమరు చెప్పే లెక్కే మాకు ఫలహారం."

అందరికంటే గట్టిగా మాస్టారే నవ్వారు.

మర్నాడు గేజి దగ్గర నాకు మళ్ళీ చెప్పారు. "చూడండి, మీ కొలబద్దకి అడుగున సున్నా ఉంది. అందుకే ఒకటి గీతకి నీళ్ళొస్తే ఒక అడుగు నిండినట్టు. సంవత్సరాలకి ఆ సున్నా లేదు."

"పెట్టడం మరిచిపోయారాండి?"

"వాళ్ళకి అప్పటికి సున్నా తెలీదండి. మన దేశం నుంచి వెళ్ళాలిగా!" చాలా సంతోషంగా ఉన్నారా పూట. ఆయన తరచూ అనే మాట కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. "నడిచేది ఏడు కాదండి. నిండేది ఏడు."

ఆయన భార్యను నేను అమ్మగారనేవాణ్ణి. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. మనిషి సన్నగా ఉండేది, ఆయాసం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళందరిలాగే మొదటి సోలను ఒకటి అనకుండా, "లాభం, రెండు, మూడు" అని ఎంచేది. మాస్టారు వీధి అరుగు మీంచి ఎగతాళి చేసేవారు. "లస్కరు గారూ, విన్నారా? ఊరంతా సున్నా కావాలని గోల. మా ఇంట్లో ఒకటికే దిక్కు లేదు."

"ఒకటి అంటే ఒంటరి కదా తమ్ముడూ. పొద్దున్నే ఆ మాటెందుకని అనం" అంది ఆవిడ లోపల్నుంచి. "అయినా మన ఏళ్ళకి పేర్లే గానీ నంబర్లెక్కడివి? ప్రమాది పోతే విక్రమ వస్తది. ఎవరైనా కొట్టుకున్నారా?"

మాస్టారు చెప్పులేసుకుని గట్టు వైపు నడిచారు.

జనవరి ఒకటి పొద్దున వంతెన దగ్గర రంగు కాగితాలు ఇంకా వేళ్ళాడుతున్నాయి. టీకొట్టు ఆయన కేకు ముక్క పట్టుకొచ్చాడు. "కొత్త సంవత్సరం, కొత్త వెయ్యేళ్ళు, రెంటికీ కలిపి మాస్టారూ!" అన్నాడు. "సంవత్సరం వరకు పుచ్చుకుంటానయ్యా. వెయ్యేళ్ళది వచ్చే ఏడు పెట్టు" అని సగం విరిచి తిన్నారు. మిగతా సగం కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళారు.

ఇంతవరకు ఊరందరికీ తెలిసినదే. ఇకపైది నాకే తెలుసు. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను.

మాస్టారు రౌద్రి నామ సంవత్సరం ఉగాది వెళ్ళిన వారానికి పుట్టారు. ఈ విక్రమ ఉగాది వెళ్ళిన వారానికి ఎనభై నిండాయి. మనిషి వెయ్యి పున్నములు చూస్తే భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టి వేడుక చేస్తారు కదా, సహస్ర చంద్ర దర్శనం. అమ్మగారికి ఆ పీటల మీద కూర్చోవాలని కోరిక. పెళ్ళినాటికి ఆవిడకి పదకొండేళ్ళట. పీటల మీద నిద్రపోయిందట, తలంబ్రాలు గుర్తే లేవంది. "ఈసారి మెలకువగా కూర్చుంటా తమ్ముడూ" అని నవ్వింది. వైశాఖంలో ఆయాసం బాగా ఎక్కువైంది. అప్పుడు పురోహితుడు గారిని తనే పిలిపించింది. నేనూ అరుగు మీద ఉన్నాను.

"ఎనభై దాటాయి కదండీ, ఎప్పుడైనా చేసుకోవచ్చు. లోకమంతా అలాగే చేసుకుంటన్నారు" అన్నారు పురోహితుడు గారు.

"ఆ లోకమే కదండీ మొన్న ఏడాది ముందే కేకులు కోసింది" అన్నారు మాస్టారు. లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చారు. తను పుట్టిన తర్వాత వచ్చిన ప్రతి పున్నమికీ ఒక గీత. అధికమాసం వచ్చిన ఏడు పదమూడో గీత ఎర్ర సిరాతో. "ఈ వైశాఖ పున్నమితో తొమ్మిదివందల తొంభైరెండు. ఎనిమిది తక్కువ. పుష్య పున్నమికి వెయ్యి. అంటే జనవరి తొమ్మిది. రెండువేల ఒకటి! వెయ్యేళ్ళూ వెయ్యి పున్నములూ ఒకేసారి నిండుతాయి, చూశారా!" ఆ కలయిక ఆయనకి ఎంత నచ్చిందో ముఖంలో తెలుస్తోంది.

"చూస్తేనే దర్శనం అంటే, వానాకాలం పున్నములు మబ్బులో మీరు చూసిందెక్కడండీ?" అంది అమ్మగారు గుమ్మం పట్టుకుని. "ఆ లెక్కన మీకు ఏడొందలు కూడా అవ్వవు. ఎలాగూ తప్పే కదా, ఆ తప్పు ఇప్పుడే చేసేద్దురూ."

పురోహితుడు గారు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "మబ్బు వెనక ఉన్నా ఉన్నట్టేనే. ఎనిమిది నెలలే కదా, ఓపిక పట్టు" అన్నారు.

ఆ మర్నాడు అమ్మగారు నాకు మజ్జిగ ఇస్తూ మెల్లగా అంది. "నువ్వు చెప్పు తమ్ముడూ. నీ మాటకి విలువిస్తారు. నేను అంతదాకా ఉంటానో ఉండనో."

చెబుతానన్నాను. రెండు రోజులు పొద్దున్నే గేజి దగ్గర చెప్పాలనే నిలబడ్డాను. మూడో రోజు ఆయనే అడిగారు. "లస్కరు గారూ, మీరు చెప్పండి. నా లెక్క సరేనా?"

"సరేనండి" అన్నాను.

లెక్క సరైనదే. అందుకే వేరే మాట నోటికి రాలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు ఆ పూట ఏం చెప్పి ఉండాల్సిందో పూర్తిగా తెలియట్లేదు. కానీ ఆయన అడిగింది లెక్క గురించి, ఆవిడ చెప్పమన్నది లెక్క గురించి కాదు. ఆ తేడా నాకు తెలిసే ఆ మాట అన్నాను. ఆయనతో కాదనడానికి నాకు నోరు రాలేదు.

అమ్మగారు శ్రావణంలో పోయింది. మూడు రోజులుగా ముసురు. కాలవ నిండుగా పోతోంది.

తర్వాత నాలుగు నెలలు మాస్టారు ఒక్కరే ఉన్నారు. తునిలో ఉన్న కూతురు రమ్మంది, వెళ్ళలేదు. వంట తనే నేర్చుకున్నారు. ఒక పూట సాయంత్రం నేను పెరటి దారిన వెళుతుంటే బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. సోల ముంచి, "లాభం" అన్నారు. నేను ఆగాను. ఆయన రెండు అనలేదు. ఒక్కరికి సోల చాలు. మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

పొద్దున్నే రావడం మానలేదు. "ఎంత?" అని అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి, తను వంగి చూడడం మానేశారు. టీకొట్టు ఆయన, పాపం మనిషిని మాట్లాడించాలని, "మాస్టారూ, ఇంక రెండు నెలలే, మీ వెయ్యేళ్ళు వచ్చేస్తన్నాయి! ఈసారి కేకు నా తరఫున" అన్నాడు. "నువ్వు చెప్పిందే నయమయ్యా. ముందే తినేశావు" అన్నారు మాస్టారు. అతను గ్లాసులు కడగడానికి అటు తిరిగాడు.

కార్తీక పున్నమి సాయంత్రం ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వదులుతుంటే ఇద్దరం లాకు మీద నిలబడి ఉన్నాం. అది తొమ్మిదివందల తొంభైఎనిమిది. నేనే మనసులో ఎంచుకున్నాను, ఆయన ఎంచుతున్నారో లేదో అడగలేదు. దీపాల వంక చూస్తూ అన్నారు. "లెక్క తప్పలేదండి నేను. కానీ ఆవిడ నన్ను లెక్క అడగలేదు."

ఆ పూటైనా నేను చెప్పి ఉండాల్సింది. నాతో చెప్పమందండీ, నేను చెప్పలేదండీ అని. దీపాలు తలుపుల దగ్గరికి వచ్చి చిక్కుకుంటున్నాయి. గడ తీసుకుని వాటిని పక్కకి తోయడానికి వెళ్ళిపోయాను.

ఆయన పోయాక ఊళ్ళో అందరూ ఒకటే మాట. "నిండు జీవితం, రెండువేలు చూసి మరీ పోయారు." ఆయన లెక్కలో చూడలేదు. పద్నాలుగు రోజులు తక్కువ. వెయ్యో పున్నమికి ఇరవైరెండు రోజులు తక్కువ.

తుని నుంచి కూతురు వచ్చింది. మూడో రోజున పెద్దకర్మ కార్డు ప్రూఫు పట్టుకుని లాకు దగ్గరికి వచ్చింది. "బాబాయి గారూ, వయసు దగ్గర ఏం వెయ్యమంటారు? మా ఆయన ఎనభై ఒకటి అంటన్నారు. నాన్న ఉంటే దెబ్బలాడేవారు, నాకు తెలుసు. నిండినవి ఎనభయ్యే కదా. మీరైతే నాన్న లెక్కే చెప్తారని వచ్చాను."

నేను ఆ కాగితం అందుకున్నాను. ఎనభై అని అచ్చయి ఉంది.

"ఎనభై ఒకటి వెయ్యండమ్మా" అన్నాను.

"తప్పు కదండీ?"

"తప్పేనమ్మా. అలాంటి తప్పే మీ అమ్మగారు చెయ్యమని అడిగారు."

ఎప్పుడు, ఏమని అడిగిందో అప్పుడు చెప్పాను. వైశాఖం నుంచి మొత్తం చెప్పాను, మజ్జిగ గ్లాసుతో సహా. అంతసేపు మాట్లాడడం నాకు అలవాటు లేదు. ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని విన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. లేచి వెళ్ళేటప్పుడు పెన్ను అడిగి తీసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని అంకె దిద్దింది.

పన్నెండు రోజులూ అయ్యాయి. నిన్న ఇంటికి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చి తుని బస్సెక్కింది. లారీలో మంచాలు, బీరువా వెళ్ళాయి. ఇవాళ పొద్దున లాకు మీంచి చూస్తే నడవా గదిలో లైటు వెలుగుతోంది. ఆర్పడం మరిచిపోయినట్టున్నారు. మంచులో కిటికీ ఒక్కటే పసుపుపచ్చగా కనిపిస్తోంది, గోడలు కనిపించట్లేదు. లోపల సామానేమీ లేదని నాకు తెలుసు. తాళంచెవి జేబులోనే ఉంది.

డిసెంబరు ముప్పై ఒకటి, ఆదివారం. మంచు. గాలి లేదు. పై తలుపు ఒక మెట్టు దించాను. గేజి చూశాను, "ఎంత?" అని అడిగేవారు లేరు.